ఇరవై ఏడో నంబరు ఇంజను

బొమ్మ రైళ్ల సంగతి ఎవరైనా ఎత్తితే, "చేతకాలేదు, వదిలేశాను" అని తప్పించుకుంటాను. అది అబద్ధం. బాగానే చేతనైంది. నాకు అన్నీ వచ్చేశాయన్న పొగరే కొంప ముంచింది.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. అప్పుడు నేను కొత్తగూడెంలో గనుల వర్క్‌షాపు ఎలక్ట్రీషియన్ని. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని డిజిటల్ పద్ధతిలో బొమ్మ రైళ్లు నడపడం గురించి చదివి పిచ్చెక్కిపోయాను. సికింద్రాబాదులో ఒక పెద్దమనిషి తన సామాను అమ్మేస్తున్నాడని తెలిస్తే రైల్లో వెళ్లి, అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అందులో రెండు ఇంజన్లు, కాసిని వ్యాగన్లు, ఒక కంట్రోల్ పెట్టె, దానికి వైర్లతో రెండు రిమోట్లు.

నాకు జతగా వచ్చినవాడు మా వరుస క్వార్టర్లలో చివరి ఇంటి కాకా. నాకు చుట్టం కాదు, వాడకట్టంతా ఆయన్ని అలాగే పిలిచేది. రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా రిటైరై, గనిలో పనిచేసే కొడుకు దగ్గర ఉండేవాడు. ఆర్నెల్లు ఇద్దరం కలిసి ప్లైవుడ్ బల్ల మీద ఒంటి లైను వేశాం. ఇటు ఒక స్టేషను, అటు ఒక స్టేషను, మధ్యలో వాగు. బూర్గంపాడు నుంచి వెదురు తెప్పించి వాగు మీద వంతెన ఆయనే కట్టాడు. వ్యాగన్లలో అసలు బొగ్గుపొడే జిగురుతో అంటించాం.

డిజిటల్ అంటే ఏమిటో ఆయనకు నేనే చెప్పాను. పాత పద్ధతిలో పట్టాల్లోకి కరెంటు వదిలితే, వాటి మీదున్న ఇంజన్లన్నీ కదులుతాయి. ఇందులో పట్టాల నిండా కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దానితోపాటే ఆజ్ఞలూ వెళ్తాయి. ప్రతి ఇంజను కడుపులో వేలిగోరంత చిప్పు, ఆ చిప్పుకొక నంబరు. బడిలో హాజరు పిలిచినట్టు, ఎవరి నంబరు పిలిస్తే వాళ్లే పలకాలి. ఆయన ఇంజనుది మూడు, నాది నాలుగు.

"గట్లయితే ఒక్క లైను మీదికి ఎవలు పడితే వాళ్లు బండి తోలుడేనా? టోకెన్ ఉండదా?" అన్నాడు కాకా.

"ఇప్పుడు టోకెన్లు ఎందుకు కాకా, నంబర్లున్నయి గద" అన్నాను. ఆయన వినలేదు. మర్నాడు లారీ బేరింగులోంచి తీసిన ఇనుప గుండొకటి తెచ్చాడు. అసలు రైళ్ల ఒంటి లైను మీద, చేతికి టోకెన్ గుండు అందనిదే డ్రైవరు బండి కదపకూడదు. గుండు ఒకటే కాబట్టి లైను మీద బండీ ఒకటే. మా బల్ల మీదా అదే నడవాలన్నాడు. నాకు నవ్వొచ్చింది, సరేనన్నాను.

ఆ పట్టుదల వెనక ఒక కథ ఉంది. ఎన్నడో, ఎక్కడో దూరపు స్టేషన్లో, పైఆయన నోటిమాటగా చెప్పినట్టే కాకా పాయింటు మార్చాడు. రెండు వ్యాగన్లు పట్టాలు తప్పాయి. విచారణలో పైఆయన తాను చెప్పనే లేదన్నాడు. "తప్పు నోరు చేసింది బిడ్డా, సస్పెండయింది చెయ్యి" అనేవాడు కాకా తన కుడిచెయ్యి చూపిస్తూ. ఎన్నిసార్లు చెప్పాడో. ప్రతిసారీ టంకం పెట్టుకుంటూ తలూపాను తప్ప, ఆయన మొహం ఒక్కసారీ చూడలేదు.

క్లబ్బు హాల్లో ఉద్యోగుల కళల, సరదాల ప్రదర్శన పెట్టారు. మా బల్ల చూడటానికి పెద్దాఫీసరు వస్తాడన్నారు. ఆ ఉదయం నాకో బుద్ధి పుట్టింది. నా ఇంజను ఒంటి మీద ఇరవై ఏడు అని రాసి ఉంది, చిప్పులోనూ అదే నంబరుంటే ఆఫీసరుకు గొప్పగా చెప్పుకోవచ్చు. కాకా చాయ్‌కి వెళ్లాడు. రెండు ఇంజన్లూ పట్టాల మీదే ఉన్నాయి. కంట్రోల్ పెట్టెతో చిప్పులో నాలుగు తీసేసి ఇరవై ఏడు రాయించాను. కదిపి చూసేలోపే ఆఫీసరూ ఆయన వెంట జనమూ వచ్చేశారు.

కాకా గబగబా వచ్చి, ఇస్త్రీ చొక్కాలో అటెన్షన్‌గా నిలబడి, అందరి ముందూ గుండు నా చేతిలో పెట్టాడు. "ఇగ లైను నీది." నేను దాన్ని పాంటు జేబులో వేసుకుని రిమోటు మీట తిప్పాను. నా బండి కదిలింది. అటు స్టేషన్లో ఆగి ఉండాల్సిన కాకా బండీ కదిలింది. రెండూ ఎదురెదురుగా వెదురు వంతెన మీదికి వచ్చాయి. అన్నిటినీ ఒక్కసారే ఆపే ఎర్ర మీట నా ముందే ఉంది. దాన్ని నొక్కడం మాని నేను అరిచాను.

"ఏంది కాకా! టోకెన్ లేకుండ బండి తీస్తవా?"

వంతెన విరిగింది. నా ఇంజను గచ్చు మీద పడి రెండు ముక్కలైంది. హాలంతా కాకా వైపు తిరిగింది. ఆయన రిమోటు బల్ల మీదే ఉంది. ఆయన రెండు ఖాళీ చేతులూ ఎత్తి నాకు చూపించాడు. చేసేదంతా చేసి చేతులెత్తేస్తున్నాడని నాకు ఇంకా ఒళ్లు మండింది. "ముసలాయన కంగారుపడ్డడు సార్" అని ఆఫీసరుకు నేనే సర్దిచెప్పాను.

మర్నాడు బట్టలుతుకుతున్న మా ఆవిడ పెరట్లోంచి కేకేసింది. "ఏందయ్యా ఇది, జేబుల గుండేసుకొని తిరుగుతున్నవ్?"

గుండు తడిచేతుల్లోంచి తీసుకున్నాక గానీ ఆ ఖాళీ చేతులు ఏం చెప్పాయో నాకు తలకెక్కలేదు. గుండు తన దగ్గర లేనప్పుడు చచ్చినా బండి కదపని మనిషి ఆయన. మిగిలిన ఆయన ఇంజన్ని పట్టాల మీద పెట్టి మూడు అని పిలిచాను. కదల్లేదు. ఇరవై ఏడు అన్నాను. బుద్ధిగా ముందుకొచ్చింది. నంబరు రాసేటప్పుడు రెండో ఇంజన్ని పట్టాల మీంచి ఎత్తెయ్యాలని, లేకపోతే దానికీ అదే నంబరు పడుతుందని, పెట్టెతో వచ్చిన పుస్తకంలో గీత గీసి మరీ రాసి ఉంది. ఎత్తడానికి అర నిమిషం పట్టదు.

పదిరోజులు ఆయన ఇంటి ముందునుంచి పోకుండా చుట్టు తిరిగి డ్యూటీకెళ్లాను. పదకొండో రోజు వెళ్లాను. గడప మీద ఒక్కడే ఉన్నాడు. అంతా చెప్పి గుండు చేతికివ్వబోయాను. తీసుకోలేదు.

"అవ్, నేను తియ్యలేదని నాకు ఆడనే ఎరికే. అందరి ముంగట అన్నవు. ఈడికొచ్చి నా ఒక్కనికి చెప్తున్నవు."

అందరికీ చెప్తానన్నాను. మైకులో చెప్తానన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

ఏడాది తిరిగింది. మళ్లీ ప్రదర్శన, మళ్లీ అదే ఆఫీసరు. ఆ ఒక్క ఇంజనుతోనే లైను చూపిస్తున్నాను. కాకా రాలేదు, జనంలో వెనక ఆయన కొడుకు ఉన్నాడు. మైకు నా చేతిలోనే ఉంది.

"ఈసారి ఆ ముసలాయన లేడుగా? బండి భద్రమేనా?" అన్నాడు ఆఫీసరు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.