పడితే మాత్రం తియ్యొద్దండి

నిన్న చిలకలూరిపేట దాటుతుంటే బస్సు కిటికీలోంచి పత్తికట్టె కాలుతున్న వాసన లోపలికొచ్చింది. పంట అయిపోయాక చేలల్లో కట్టె తగలబెట్టడం మా వైపు మామూలే. పక్క సీటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఊరుకుంది. ఇన్నేళ్లయినా ఆ వాసనకి నాకు సుగుణ మేడం గుర్తొస్తారు, ఆవిడ వెనకాలే కోటేశు.

సుగుణ మేడం మా స్కూలు హెడ్‌మిస్ట్రెస్. తొంభైల చివర్లో నేను టీచరుగా చేరినప్పుడు నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆవిడే. బడికీ చర్చికీ తప్ప గడప దాటరనిపించే ఆ తెల్లచీర మనిషికి ఒక పిచ్చి ఉండేది: అరచేతిలో పట్టే జూమ్ కెమెరా. మీట నొక్కితే జుయ్‌మంటూ లెన్సు ముందుకి పొడుచుకొచ్చేది. అడక్కుండా మాత్రం ఎవరినీ తీసేవారు కాదు. ఒకటో తరగతి పిల్లాడినైనా "నాన్నా, తియ్యనా?" అని అడిగి, వాడు తలూపేదాకా ఆగేవారు. వద్దంటే కెమెరా మూసేసేవారు. ఇదెక్కడి చాదస్తమని మేం స్టాఫ్‌రూములో నవ్వుకునేవాళ్లం.

ఒక వేసవిలో ఊరి బయట, పత్తి పీకేసిన చేలో మోటారు సైకిళ్ల రేసు పెట్టారు. "వస్తావా విజయా? పరిగెత్తే బండి ఈ కెమెరాకి దొరుకుతుందో లేదో చూడాలి" అన్నారు మేడం. మేడం ఏమిటి, రేసు ఏమిటి అని నేను నోరు తెరిచాను. అక్కడికెళ్లాక ఇంకా విడ్డూరం. బండ్ల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరినే అడగడం మొదలుపెట్టారు.

"మేడం గారూ, ఇది రేసా, బళ్లో హాజరా?" అన్నాడొకడు.

"హాజరే అనుకోరా. చెప్పు, తియ్యనా వద్దా?"

చివర్న కోటేశు. మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడు, మేడం దగ్గర చదువుకున్నవాడే. హెల్మెట్ చంకలో పెట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి ఒక ఫోటో దిగాడు. "గెలిస్తే ఎన్నయినా తియ్యండి మేడం. పడితే మాత్రం తియ్యొద్దండి. మా అమ్మ చూస్తే తట్టుకోలేదు."

"తియ్యన్లే. నువ్వు పడకు" అన్నారు మేడం.

ఆ కెమెరా నొక్కగానే తియ్యదు, కాస్త ఆగి తీస్తుంది. ఈలోగా బండి పోయి దుమ్ము మిగులుతుంది. అందుకని మేడం నన్ను మలుపు దగ్గరికి తీసుకెళ్లి, కెమెరా చేతికిచ్చి, బండి రాకముందే సగం నొక్కి పట్టుకోవడం చూపించారు. దారి అంచున టైర్లు పెట్టాల్సిన చోట కమిటీవాళ్లు పత్తికట్టె మోపులు పేర్చారు, పడినా దెబ్బ తగలదని. ఎండకి పెళపెళలాడుతున్న కట్టె అది. అక్కడున్నవాళ్లమంతా ఆ కట్టెతో పొయ్యి వెలిగించుకునేవాళ్లమే. ఒక్కరికీ తట్టలేదు!

కోటేశే ముందొచ్చాడు. జూమ్‌లో వాడి బండి నిండుగా కనిపిస్తోంది. మలుపులో జారింది, మోపుల్లోకి దూసుకుపోయింది. కారిన పెట్రోలు, కాలుతున్న సైలెన్సరు, ఎండుకట్టె. భగ్గుమంది. నా వేలు మీట మీదే ఉంది. మేడం చెయ్యి వచ్చి లెన్సుని మూసేసింది.

"వద్దన్నాడు విజయా!"

అరుస్తూనే కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మంటల వైపు పరిగెత్తారు. యాభై దాటిన మనిషి. నేను కొయ్యబారిపోయాను. ఆవిడా మరో ఇద్దరూ కలిసి వాణ్ణి బయటికి లాగారు. గుంటూరు ఆసుపత్రిలో వాడు బతకలేదు.

కొన్నాళ్లకి వాళ్లమ్మ బడికొచ్చింది. కట్లు విప్పని చేతులతోనే మేడం ఆ హెల్మెట్ ఫోటో ఆమెకిచ్చారు. ఆమె దాన్ని తడిమి తడిమి చూసి, "పడ్డప్పటిది లేదా అమ్మా?" అంది.

"తియ్యలేదమ్మా. నువ్వు చూడలేవని వాడే వద్దన్నాడు."

"ఆసుపత్రిలో మొహమంతా కట్లే. నా బిడ్డని నాకు చూపించలా. అదన్నా ఉంటే కడసారి చూసుకునేదాన్ని. వాడు చెప్పాడు సరే, నన్నెవరు అడిగారమ్మా?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మేడం చేసింది తప్పని నేను ఈనాటికీ అనలేను. ఆ తల్లికి ఏం చెప్పాలో కూడా నాకు తెలీదు.

మేడం అడగడం మానలేదు. దానికి ఇంకో మాట చేర్చారంతే: "తియ్యనా నాన్నా? ఇది ఎవరు చూసుకుంటారు?" ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను, నేనూ రెండూ అడుగుతాను. పిల్లలు చాలామంది ఒకటే చెబుతారు, "మా అమ్మ" అని.