దొరసానికి పుట్టింటి చీర

మా పొలం పక్క బంగళాలో ఉండే దొరసానమ్మ కిందటి నెల ఒక ఆదివారం ఉదయం కన్నుమూశారు. ఆవిడ దగ్గర పనిచేసే ఆయా కబురు తెచ్చి మా వాకిట నిలబడి, "ఇంక ఎవురికి చెప్పేదమ్మా?" అంది.

ఆవిడ ఎవరో ముందు చెప్పాలి. అమెరికా పత్తిని మా నల్లరేగడిలో పండించి చూపమని కుంఫిణీవారు ఆ దేశం నుంచి కొందరు దొరలను పిలిపించారు. వారిలో ఒకరి భార్యగా ఆవిడ మా ఊరికి, అవినాశి దగ్గరికి వచ్చారు. ఆ పత్తి మా ఎండకు నిలవలేదు. దొరగారు జ్వరంతో పోయారు. ఆవిడ మాత్రం ఊరి పిల్లలకు బట్టలు కుట్టి బతుకుతూ ఇక్కడే ఉండిపోయారు.

మేము కళ్ళంలో పత్తి ఆరబోస్తే వచ్చి కూర్చునేవారు. చిటికెడు తీసి రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, "పొట్టిది, మొండిది. నా మాదిరే," అనేవారు.

"మీ ఊరి పత్తి పొడుగే. నాలుగు దినాల ఎండకే పడుకొనేసె గదా!" అనేది మా అత్త.

"మా దొర గూడా అంతే, పెద్దమ్మా."

ఇద్దరూ నవ్వేవారు. నాకు నవ్వాలో వద్దో తెలిసేది కాదు.

నాకు కుట్టు నేర్పింది ఆవిడే. "పైవైపు ఎవరైనా బాగా కుడతారు. తిప్పి లోపల చూడు," అనేవారు. ఇప్పటికీ ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిప్పి చూస్తాను.

ఆవిడ పుట్టిల్లు చాలా గొప్పది. తాత కమ్మరి. పత్తి గింజలు తీసే యంత్రానికి రంపపు పళ్ళు కొట్టి సంపాదించి, ఏటి ఒడ్డున బట్టల మిల్లు పెట్టాడట. కొడుకుల నాటికి ఎన్నో మిల్లులయ్యాయి. "మా తాత పేరుతో బడి ఉంది, చర్చి ఉంది, వీధి ఉంది, అమ్మణీ. ఆ పత్తి ఏరిన బానిసల పేరు ఏ గోడ మీదా లేదు," అన్నారొకసారి.

దొరగారు పోయిన కొన్ని నెలలకు ఆవిడ అన్నలు ఓడలో ఒక పెట్టె పంపారు. నిండా తమ మిల్లు బట్టే. మా ఆడవాళ్ళందరం సంతోషించాం. భర్త పోయిన ఆడదానికి పుట్టింటివాళ్ళు కొత్త చీర పెట్టడం మా ఆచారం. అంత దూరం నుంచి మరిచిపోకుండా పంపారే అనుకున్నాం. వాళ్ళకు అలాంటి ఆచారమే లేదని ఒక్కరికీ తట్టలేదు.

ఆవిడ ఆ బట్టను ఒంటికి తాకనివ్వలేదు. "నేను పోయినా ఇది కప్పొద్దు. నువ్వు చూసుకో, అమ్మణీ," అన్నారు.

పుట్టింటి చీర కప్పనిదే మాలో ఆడదాని శవాన్ని ఎత్తరు. ఆ ఆదివారం నా తోడికోడలు పెట్టె తెరిచింది. "పుట్టింటి గుడ్డ ఇంట్లోనే ఉండాది గదా, ఇంక యోచనేమి? తీసి కప్పండి."

బయట పాదిరీ తొందరపెడుతున్నారు. సరేనంటే ఆవిడకిచ్చిన మాట పోతుంది. వద్దంటే ఆవిడ పుట్టిల్లు లేనిదానిలా వెళ్ళిపోతారు. ఆ బట్ట వద్దన్నారని అత్తకు మెల్లగా చెప్పాను.

"అయితే నిలుచుకోనుండావేమే? పోయి నీ కొత్త చీర ఎత్తుకోని రా. మనమే పుట్టిల్లు. మైలని ఆగొద్దు, తల స్నానం తరువాత చేద్దువు," అంది.

మా పత్తితో నేయించిన చీర తెచ్చి కప్పాను.

పెద్దకర్మ రోజున పుట్టింటివాళ్ళు మళ్ళీ వెళ్ళాలి. ఆ ఇంటివాళ్ళు కూర్చోబెట్టి భోజనం పెట్టి పంపాలి. నేను వెళ్ళాను. ఆయా కూతురి ఊరికి వెళ్ళిపోయింది. తలుపుకు తాళం. వెంటనే తిరిగి రావడం మర్యాద కాదనిపించి, వడ్డన వేళ దాటేదాకా వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను.