కుడి సీటులో కూర్చున్న మా సారు

మా సారు పోయారన్న కబురు నాకు పొద్దున ఆరు గంటలకు, విమానం రెక్క కింద వంగి ఉండగా అందింది. ఎగిరే ముందు రెక్కలోని ట్యాంకు నుంచి కొంచెం ఇంధనం చిన్న గ్లాసులోకి వంపి, అందులో నీళ్లు కలిశాయేమో చూడాలి. గ్లాసు ఎడమ చేతిలో ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఉంది. అవతల సారు భార్య. ఆమెను నేను అమ్మా అనే పిలుస్తాను.

"బిడ్డా, మీ సారు రాత్రి పోయిండమ్మా."

"ఎక్కడికమ్మా?" అన్నాను.

అమ్మ, "ఛాతిల నొప్పన్నడు. దవాఖానకు తీస్కపొయ్యేలోపల్నే అయిపోయింది" అని ఫోను పెట్టేసింది.

ఇది మీకు చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంది కానీ, నేను ఏడవలేదు. గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాను. నీళ్లు లేవు. రెండో రెక్క దగ్గరికి వెళ్లాను. అక్కడ వంగాక, ఈ రెక్క ఇదివరకే చూశానా లేదా అన్నది గుర్తు రాలేదు. మళ్లీ మొదటి రెక్క దగ్గరికి వచ్చాను. అలా మూడుసార్లు తిరిగాక, ఈ రోజు నేను ఎగరకూడదని అర్థమైంది. విమానాన్ని తాళ్లతో నేలలోని కొక్కేలకు కట్టేసి, ఆఫీసులో చెప్పి, బస్టాండుకు నడిచాను.

మాది గద్వాల. ఇంట్లో మగ్గం ఉంది. నాన్న చీరలు నేస్తాడు. డిగ్రీ అయ్యాక ప్రభుత్వ ఉపకార వేతనం దొరికితే, తుంగభద్రకు అవతల ఉన్న ఒక చిన్న విమాన శిక్షణ కేంద్రంలో చేరాను. ఒక రన్‌వే, రేకుల షెడ్డు, రెండు సీట్ల విమానాలు నాలుగు. చేరిన మొదటి వారం అందరూ ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడేవారు. నేను తలాడించేదాన్ని. సగం అర్థమయ్యేది కాదు. సారు నా ఫైలు తిరగేసి, కళ్లజోడు మీద నుంచి చూశారు.

"గద్వాలనా?"

"అవును సార్."

"మాది కోడేరు దిక్కు. గిన్ని దినాలు మూగదాని లెక్క ఎందుకున్నవ్ మరి? నాతోని మన మాటల్నే మాట్లాడు. విమానానికి ఏ భాషైతేంది?"

సారు రైతు బిడ్డ. పద్దెనిమిదేళ్లకు వైమానిక దళంలో మెకానిక్‌గా చేరి, ఇరవై ఏళ్లు ఇతరులు ఎగరేసే విమానాలకు బోల్టులు బిగించారు. బయటికొచ్చాక, నలభై దాటిన వయసులో, తన సగం వయసు పిల్లల పక్కన కూర్చుని తానూ ఎగరడం నేర్చుకున్నారు. నేను చేరేనాటికి అరవై దాటాయి. పొట్టి మనిషి. సీటులో దిండు వేసుకుని కూర్చునేవారు. ఆ దిండు గలేబు మీద అమ్మ కుట్టిన రెండు చిలుకలు ఉండేవి. దాన్ని చూసి ఎవరు నవ్వినా పట్టించుకునేవారు కాదు.

శిష్యులు ఎడమ సీటులో, నేర్పేవారు కుడి సీటులో కూర్చుంటారు. రెండు సీట్ల ముందూ ఒకేలాంటి స్టీరింగు, కాళ్ల కింద ఒకేలాంటి పెడళ్లు ఉంటాయి. కొత్తలో నాకు ఆ పెడళ్లే లొంగలేదు. చేతులు ఒకటి చేస్తే కాళ్లు ఊరుకునేవి. విమానం ఆకాశంలో పక్కకు జారేది. నాలుగో రోజు సారు అడిగారు.

"ఇంట్ల మగ్గం మీద కూసున్నవా ఎప్పుడన్న?"

"కూర్చున్నాను సార్. పదో తరగతి దాకా."

"మగ్గం నేసేటప్పుడు కాళ్లు చూస్కుంట తొక్కుతవా?"

"లేదు సార్."

"మరి ఈడేంది, కాళ్లు చూస్తున్నవ్? బయటికి చూడు."

బయటికి చూశాను. కాళ్లు వాటంతటవే కదిలాయి. మగ్గం గుంటలో కూర్చుని, కళ్లు పోగు మీద పెట్టి, చెక్కలు తొక్కిన కాళ్లే అవి. ఆ సంగతి నాకు గుర్తు లేదు, వాటికి ఉంది.

సారుకు ఒక అలవాటు ఉండేది. విమానం నాకు అప్పజెప్పాక, రెండు చేతులూ అరచేతులు పైకి కనిపించేలా తొడల మీద పెట్టుకునేవారు. తాను దేన్నీ ముట్టుకోవడం లేదని నాకు తెలియాలి. ఒకసారి దిగుతుండగా గాలి తోసింది. రన్‌వే అద్దంలోంచి పక్కకు వెళ్లిపోయింది. భయంతో ఆయన చేతుల వైపు చూశాను. అరచేతులు కదల్లేదు. చిటికెన వేలు మాత్రం స్టీరింగు వైపు వంగింది.

"దిగరాకుంటే దిగకు. మల్ల లెవ్వు. సిగ్గు పడకు" అన్నారు. విమానాన్ని పైకి లేపి, ఒక చుట్టు తిరిగి వచ్చి దిగాను. ఆ మాట ఆయన నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటారు. ఎప్పుడు చెప్పినా అదే గొంతు. అందులో ఓదార్పూ ఉండేది కాదు, కోపమూ ఉండేది కాదు.

ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టిన మూడో రోజున నేను సిగ్గుపడ్డాను. రన్‌వే పక్కన కొత్త బ్యాచి నిలబడి చూస్తోంది. వేగం ఎక్కువైందని తెలుస్తూనే ఉన్నా, మళ్లీ లేవకుండా దించేశాను. విమానం నేలకు తగిలి బంతిలా ఎగిరింది. రెండోసారి ముక్కు మీద పడింది. ముందు చక్రం వంగిపోయింది. నాకు దెబ్బ తగల్లేదు. ఇంజను ఆపి, తలుపు తీసుకుని దిగి, ఎవరి ముఖమూ చూడకుండా గదికి వెళ్లి సంచి సర్దుకుని గద్వాలకు వచ్చేశాను. ఇక పోనని నాన్నతో చెప్పాను. నాన్న అన్నం తినమన్నాడు.

ఐదో రోజు మధ్యాహ్నం సారు బస్సు దిగి, దారి అడుగుతూ మా ఇంటికి వచ్చారు. నేను ఇంకో గదిలోకి పోయాను. ఆయన నన్ను పిలవలేదు. నాన్న పక్కన చాప మీద కూర్చుని చాలాసేపు మగ్గాన్నే చూశారు.

"అన్నా, నేనొక్కసారి కూసోవాల్నే" అన్నారు.

"కూసో సారు, దాందేముంది" అన్నాడు నాన్న, మనసులో ఎంత గుబులు పడ్డాడో.

సారు గుంటలోకి కాళ్లు దించారు. రెండు తొక్కులు బాగానే తొక్కారు. మూడో తొక్కుకు, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తాల్సిన నాడె సగంలో ఇరుక్కుంది. గట్టిగా లాగారు. పట్టు పోగులు పుటుక్కుమని తెగిపోయాయి. తలుపు చాటు నుంచి చూస్తున్న నాకు నవ్వొచ్చింది. ఐదు రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

"ఖరాబ్ జేసిన గదా!" అన్నారు సారు, నిజంగానే బెదిరిపోయి.

"ఏం కాదు సారు. జరుగు" అని నాన్న కూర్చుని, వంకర పోయిన వేలెడు నేతను విప్పి, తెగిన పోగులు ఒక్కొక్కటే అతికాడు. గంట పట్టింది. సారు ఆ గంటా కదలకుండా పక్కనే కూర్చున్నారు. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగి, తలుపు వైపు చూసి, "చక్రం మార్చినం. రేపు ఆరింటికి" అన్నారు. చాయ్ కూడా తాగకుండా బస్సుకు వెళ్లిపోయారు.

మర్నాడు తెల్లారకముందే మొదటి బస్సుకు నేనూ వెళ్లాను.

ఆ వానాకాలంలోనే సారుకు వైద్య పరీక్షలు జరిగాయి. ఎగిరేవాళ్లకు అవి తప్పవు. గుండె కొట్టుకోవడంలో తేడా ఉందని రాశారు. అంటే ఇక విమానం నడపకూడదు, కుడి సీటులో కూర్చుని నేర్పకూడదు. ఆ కాగితం వచ్చిన రోజు సారు షెడ్డు ముందు బెంచీ మీద వేయించిన పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. పల్లీలు ఎప్పుడూ జేబులో ఉండేవి. ఎగిరి దిగాకే తినేవారు. ఆ రోజు ఎగరకుండానే తింటున్నారు. నాకూ గుప్పెడు పెట్టారు.

"ఇగ నేను కింద్నే" అన్నారు.

 ఇద్దరం పల్లీలు తిన్నాం. మరుసటి రోజు నుంచి ఆయన రేడియో గదిలో కూర్చున్నారు, కింద నుంచి మాతో మాట్లాడేందుకు.

చలికాలం ఒక పొద్దున నన్ను ఒంటరిగా దూర ప్రయాణానికి పంపారు. గద్వాల మీదుగా ఉత్తరానికి వెళ్లి, కృష్ణ దాటి, వనపర్తి చూసి, తిరిగి రావాలి. గద్వాల కోట గోడలు బాగానే కనిపించాయి. కృష్ణ దాటాక మంచు పొర పట్టింది. కింద అన్నీ మసక. ఎటు చూసినా చెరువులే, అన్నీ ఒకేలా ఉన్నాయి. వనపర్తి రావలసిన సమయానికి వనపర్తి రాలేదు. ఇంకో ఐదు నిమిషాలు పోయాను. రాలేదు. ఎక్కడున్నానో నాకు తెలియదు. ఇంధనం చూశాను. ఉంది, కానీ దిక్కు తెలియక తిరిగేంత లేదు.

రేడియోలో ఇంగ్లీషులోనే మాట్లాడాలి. మొదలుపెట్టాను, వాక్యం సగంలో ఆగిపోయింది. ఐదారు క్షణాలు గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత సారు గొంతు, తెలుగులో.

"బిడ్డా, విమానం ఎగురుతనే ఉంది గదా?"

"ఎగురుతోంది సార్."

"ఇంజను?"

"బాగుంది సార్."

"మరింకేంది. రెండు నదుల నడుమ పుట్టినదానివి, నువ్వెట్ల తప్పిపోతవ్? దక్షిణం దిక్కు తిప్పు. మొదలొచ్చేది కృష్ణ. దాటు. తర్వాతొచ్చేది తుంగభద్ర. ఆడ ఎడమకు మళ్లి నీళ్ల ఎంబడి రా. పెద్ద ఊరు తగుల్తది. ఆడికెల్లి దారి నీకు ఎర్కనే. నది దొరికేదాక నాతోని మాట్లాడకు. నిమ్మలంగ చూడు. నేనీడ్నే ఉన్న."

దిక్సూచి చూసి దక్షిణానికి తిప్పాను. పన్నెండు నిమిషాలు. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మంచు కింద వెండి గీత ఒకటి కనిపించింది. ఇసుక, బండలు, నీళ్లు. కృష్ణ. చెప్పాను.

"మంచిది" అన్నారు.

ఇంకాసేపటికి తుంగభద్ర.

నేను దిగాక సారు రేడియో గదిలోంచి బయటికి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డారు. చొక్కా వీపంతా తడిసి ఉంది. చలికాలం పొద్దున. "ఏమన్న తిన్నవా?" అని అడిగారు. తప్పిపోయిన సంగతి ఎక్కడా ఎత్తలేదు. ఎగిరిన ప్రతిసారీ రాసుకునే నా లాగ్‌బుక్కులో ఆ ప్రయాణం మామూలు ప్రయాణంలాగే ఉంది.

మూడు నెలల కింద నాకు లైసెన్సు వచ్చింది. అప్పటికి సారు ఉద్యోగం మానేసి నాగర్‌కర్నూల్‌లోని ఇంటికి వెళ్లిపోయారు. ఫోను చేసి చెప్పాను. పరీక్షలో దిగేటప్పుడు గాలి ఎటు నుంచి వచ్చిందని అడిగారు. ఎటు నుంచో చెప్పాను. అప్పుడు అన్నాను, "సార్, ఇప్పుడు నా పక్కన ప్రయాణికుడిగా కూర్చోవచ్చు కదా. ఒకసారి రండి, తిప్పుతాను."



"వద్దు బిడ్డా. ఆ సీట్ల కూసుంటే నా చెయ్యి ఊకోదు. నీకు అడ్డమైత."

ఈ మాట రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆయన వద్దన్నప్పుడు నాకు బాధ కలగలేదు. ఊరట కలిగింది. ఆయన చూస్తుండగా నడపాలంటే నాకింకా భయమే. సరే సార్ అన్నాను. ఇంకోసారి అడగలేదు. ఇంకోసారి అడిగితే వచ్చేవారేమో. ఇప్పుడు అది తెలుసుకునే దారి లేదు.

కబురు అందిన ఆ పొద్దున బస్సులో ఇటిక్యాల దాటుతున్నప్పుడూ, వనపర్తిలో దిగి ఇంకో బస్సు ఎక్కినప్పుడూ నేను వీటిలో ఏదీ తలచుకోలేదు. ముందు సీటు వెనక ఎవరో గీకిన పేర్లు చదువుతూ కూర్చున్నాను. నాగర్‌కర్నూల్‌లో ఆటో దిగేసరికి ఇంటి ముందు మనుషులున్నారు. సారును చూశాను. చేతులు ఛాతీ మీద పెట్టి కట్టారు. నాకు అది సారులా అనిపించలేదు. మధ్యాహ్నం కోడేరు దగ్గరి ఊరికి తీసుకెళ్లి, వాళ్ల చేను గట్టు పక్కన దహనం చేశారు. కొడుకు నిప్పు పెట్టాడు. నేను ఆడవాళ్లతో దూరంగా నిలబడ్డాను. పక్కనామె నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఎవరి బిడ్డవమ్మా?" అని అడిగింది. "సారు దగ్గర చదువుకున్నాను" అన్నాను. ఏం చదువో ఆమె అడగలేదు.

నాలుగింటికి ఇంటికి తిరిగొచ్చి అందరూ స్నానాలు చేశారు. అమ్మ తడి జుట్టుతో వెనక వాకిట్లో మెట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.  కొంచెంసేపటికి అమ్మ తలెత్తి, వాకిట్లో కట్టిన తీగ వైపు చూసింది.

"నిన్న పొద్దుగాల పిండిన. ఎవ్వరు తియ్యలే. జర తియ్యి బిడ్డా, ఎండకు రంగు పోతది."

తీగ మీద సారు చొక్కాలు మూడున్నాయి. లేత నీలం రంగువి. క్లిప్పులు తీసి ఒక్కొక్కటీ భుజం మీద వేసుకున్నాను. కరకరమని ఎండిపోయి, ఎండ వేడి ఇంకా పట్టుకుని ఉన్నాయి. మెట్టు మీద కూర్చుని మడత పెట్టాను, చేతులు లోపలికి, కాలరు పైకి. మూడూ ఒకదాని మీద ఒకటి పేర్చి లేచి నిలబడ్డాను. వాటిని ఏ గదిలో, ఏ బీరువాలో పెట్టాలని అడుగుదామని అమ్మ వైపు చూశాను. అమ్మ గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. చొక్కాలు రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వాటి వేడి మెల్లగా తగ్గుతోంది.