ఏడు వారాల ఒక్కపొద్దు

2006లో నేను కొల్లేరు అంచున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. హెల్త్ ఎడ్యుకేటర్ మందులిచ్చేవాడు కాదు, మాటలు చెప్పేవాడు. నీళ్ళు కాచి తాగమని, పథ్యం పేరుతో బాలింత కడుపు మాడ్చవద్దని, పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి పరిగెత్తవద్దని ఇంటింటికీ తిరిగి చెప్పడం నా ఉద్యోగం. అప్పటికే సభల్లో జ్యోతిష్కులతోనూ స్వాములతోనూ వాదించి నోరు పదునెక్కి ఉంది. ప్రభుత్వం జీతమిచ్చి మరీ నన్ను మూఢనమ్మకాల మీదికి వదిలిందని సంబరపడేవాణ్ణి.

వానాకాలంలో మా ఏఎన్ఎం, అంటే ఊళ్ళు తిరిగే నర్సు, విమల గారితో కలిసి జ్వరాల సర్వేకి వెళ్ళాను. ఒక రైతు ఇంటి వరండాలో పదిహేడేళ్ళ అమ్మాయి స్వెట్టర్ తొడుక్కుని కూర్చుంది. మాకేమో ఉక్కకి చొక్కాలు ఒంటికి అంటుకుపోతున్నాయి.

"అమ్మాయికి జ్వరమా అండీ?" అని తల్లిని అడిగాను.

"అబ్బే, జ్వరం కాదండీ. మా శిరీష ఒక్కపొద్దు ఉంటుందండీ."

ఒక్కపొద్దు అంటే రోజుకు ఒక్కసారే తినే ఉపవాసం. ఏ వారమని అడిగాను.

"మొదట శనివారమేనండీ. తర్వాత సోమవారం పట్టింది. మంగళవారం ఆంజనేయస్వామికి, గురువారం బాబాకి, శుక్రవారం అమ్మవారికి. ఇప్పుడు బుధవారం, ఆదివారం కూడా వదలట్లేదండీ. ఆ ఒక్కపూటా అరటిపండుతో సరిపెట్టేస్తుంది. మా వీధి ఆడవాళ్ళు దీని చేత బొట్టు పెట్టించుకుని వెళ్తున్నారంటే నమ్మండి!"

ఆ గొంతులో గర్వం. విమల గారు శిరీషకి బీపీ చూడబోతే పట్టీ ఆ చేతికి ఆనలేదు. ముంజేతుల నిండా పసిపిల్లల ఒంటి మీద ఉండే నూగు. నేను అవేవీ ఆలోచించలేదు. నా కళ్ళకు కనబడింది దేవుడొక్కడే.

"మీ దేవుడికి చిన్నపిల్లల అన్నం మీద కన్నేమిటండీ?" అన్నాను.

"అలా అనకండి సార్, కళ్ళు పోతాయి."

"పోతే కంటి డాక్టరున్నాడు లెండి."

శిరీష ఫక్కున నవ్వింది. నా పక్షమే అనుకున్నాను. మరో అరగంట దంచి, డైరీలో "మూఢనమ్మకం. కౌన్సెలింగ్ ఇవ్వడమైనది" అని రాసుకున్నాను.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. తల్లి కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళగానే శిరీష గొంతు తగ్గించి అంది: "మా అమ్మ మీద గెలిచి ఏం చేస్తారండీ? నాకు దేవుడి మీద నమ్మకమే లేదు."

"మరి ఈ ఉపవాసాలెందుకమ్మా?"

"దేవుడి పేరు చెబితే అన్నం తినమని ఎవరూ బలవంతం చెయ్యరండీ."

తాడేపల్లిగూడెంలో ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు మొదలైందట. తోటి పిల్లలు ఆమెను 'మిల్లు బస్తా' అని పిలిచేవారట. "చూడండి, ఇంకా బస్తాలాగే ఉన్నాను," అంటూ తన పొట్ట చూపించింది. అక్కడ పొట్ట లేదు. స్వెట్టర్ ముడతలున్నాయి.

మా డాక్టరు కుర్రవాడు. విని తల పట్టుకున్నాడు. "దీన్ని అనొరెక్సియా అంటారండీ. చిక్కి శల్యమైనా లావుగా ఉన్నామనే భయం పోదు. చదువుకునేటప్పుడు అర పేజీ చదివాను, కేసు చూడలేదు. గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చు. వెంటనే ఏలూరు తీసుకెళ్ళండి." మా కేంద్రంలో పసిపిల్లలను వేలాడదీసే త్రాసు ఉంది. గర్భిణులకు కార్డు ఉంది. తిండి మానేసిన పదిహేడేళ్ళ పిల్లను రాసుకోవడానికి రిజిస్టరు లేదు.

రక్తపరీక్ష అని చెప్పి తల్లీకూతుళ్ళను ఏలూరు తీసుకెళ్ళాను. మేము వెళ్ళిన ఆసుపత్రి పేరు రాయను. ఆ రోజుల్లో ఏ ఆసుపత్రికి వెళ్ళినా అదే జరిగేది. కిటికీలోంచి గుమస్తా చీటీ చూసి, వరుసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అడిగాడు: "ఇది మెడికల్ కేసా, మెంటల్ కేసా? మెంటలైతే డాక్టరు గారు గురువారం వస్తారు."

తల్లి బెంచీ మీంచి లేచి నా వైపు తిరిగింది. "మా పిల్లకి పిచ్చి లేదండీ, భక్తి ఉంది. మీరు దేవుణ్ణి నమ్మరు కాబట్టి దాన్ని పిచ్చిదంటున్నారు."

నాలోని సభల మనిషి మేలుకున్నాడు. "భక్తా? దేవుడి మీద నమ్మకమే లేదని మీ అమ్మాయే నాతో చెప్పింది!"

శిరీష నా వైపు చూసింది. ఆ చూపును వర్ణించే ధైర్యం నాకు లేదు. "నేనెప్పుడన్నానండీ?" అని, తల్లి చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిచింది.

తర్వాత విమల గారూ నేనూ మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాం. గేటు తియ్యలేదు. పన్నెండో రోజు ఉదయం స్నానానికి వెళ్ళి పడిపోయిన శిరీష మళ్ళీ లేవలేదు. మరణాల రిజిస్టరులో విమల గారు "గుండెపోటు" అని రాశారు. ఆ గుండెకు పోటు రావడానికి ముందేం జరిగిందో రాసే గడి అందులో లేదు.

ఏడాది తర్వాత ఆ తల్లి బీపీ మాత్రల కోసం మా దగ్గరికి వచ్చింది. వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగింది. "మీరు దేవుడి ఊసెత్తకుండా, 'పిల్లకి ఒంట్లో బాలేదు, చచ్చిపోతుంది' అని ఆ ఒక్క ముక్కే చెప్పుంటే వినేదాన్నండీ."

దేవుడి విషయంలో నా అభిప్రాయం ఇవాళ్టికీ మారలేదు. నేర్చుకున్నది వేరే. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా ఉపవాసం మాట వినబడితే నోరు మూసుకుని ముందు ఆ పిల్లతో విడిగా కూర్చుంటాను. ఆమె చెప్పింది ఆమె అనుమతి లేకుండా గడప దాటించను. పరీక్షించకుండా నమ్మడమే మూఢనమ్మకమని ఊరూరా చెప్పినవాణ్ణి. కడుపు మాడ్చుకుంటున్న పిల్లను చూసి, అది భక్తేనని ఆ తల్లి నమ్మింది. నేనూ అదే నమ్మాను. ఆవిడ దణ్ణం పెట్టింది, నేను వాదించాను. మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే.