మైకమ్మ గుండె మీద ఊరి పెత్తనం

ఆమె గొంతు తెలియని వాళ్లు ఆ ఊళ్లో లేరు. ముఖం తెలిసిన వాళ్లు మాత్రం పాతికమంది కూడా ఉండరు. బస్టాండు పై అంతస్తులో ఒక అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యంగా వస్తుందో మైకులో చెప్పడం ఆమె పని. కండక్టర్లు మైకమ్మ అని పేరు పెట్టారు. కొన్నాళ్లకు కన్నతల్లి కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది.

ఆ గొంతే ఆమె కొంప ముంచింది. చిన్నప్పుడు కీళ్లవాపు జ్వరం వచ్చి, పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని బిగించేసి పోయింది. తలుపు సగమే తెరుచుకుంటే జనం ఎలా తోసుకుంటారో, రక్తం ఆ సందులోంచి అలా తోసుకుంటూ పోవాలి. సంబంధం మాట్లాడుకునేటప్పుడే తల్లి ఈ సంగతి దాచకుండా చెప్పింది. అబద్ధం చెప్పి ఉంటే నమ్మేవాళ్లేమో! నిజం చెప్పింది కాబట్టి ఎవరూ నమ్మలేదు.

"గుండెజబ్బు మనిషైతే గొంతు అలా ఖంగుమంటుందా?" అని కాబోయే అత్త తేల్చేసింది. గొంతు విని గుండె సంగతి చెప్పే విద్య ఆవిడకు ఎక్కడ అబ్బిందో ఎవరూ అడగలేదు.

భర్త డిపోలో బస్సులకు రంగులేసే పెయింటరు. మంచివాడు. మంచివాడంటే మనవాళ్లు ఏమనుకుంటారో సరిగ్గా ఆ అర్థంలోనే మంచివాడు. తాగడు, కొట్టడు, ఎవరి మాటకూ ఎదురు చెప్పడు. ఆ మూడోది కూడా సుగుణమేననుకుంటూ మీసాలు నెరిసే వయసు దాకా వచ్చేశాడు.

ఆ ఇంట్లో పెద్ద దిక్కు అతని బాబాయి. ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా ఇతరులు చెప్పింది రాసి రాసి విసుగెత్తి, మిగిలిన కాలమంతా ఇతరులకు చెప్పడానికే కేటాయించుకున్నాడు. మైకమ్మ చిన్నప్పటి నుంచి నెలనెలా వేయించుకునే పెన్సిలిన్ ఇంజెక్షన్లను ఆపించింది ఆయనే. ఇన్ని సూదులు దిగిన ఒంట్లో కడుపెలా నిలుస్తుందని ఆయన వాదన. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అనాల్సిన మైకమ్మ తల ఊపింది. పిల్లల్ని కనాలనుకుంటే ముందు గుండె చూపించుకోమని పాత డాక్టరు చెప్పిన మాట కూడా పక్కన పెట్టేసింది. అన్ని బస్సులనూ నోటితో నడిపించే మనిషి, ఒక రిటైరైన గుమాస్తా చెయ్యి ఊపగానే ఆగిపోయింది. ఆ తెలివితక్కువతనంలో ఆమె వాటా ఆమెకుంది. కాదనడానికి లేదు.

కడుపు నిలిచింది. బాబాయి మీసం మెలేశాడు.

నెలలు గడిచే కొద్దీ కడుపుతో ఉన్న మనిషి ఒంట్లో రక్తం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. తలుపు మాత్రం అదే సగం తలుపు. మైకమ్మకు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. తరవాత మెట్లు దిగినా వచ్చేది. పడుకుంటే ఊపిరాడక, గోడకు దిండ్లు పేర్చుకుని కూర్చునే కునుకు తీసేది. దీనికి ఇంటింటా ఒక వైద్యుడు బయల్దేరాడు. అత్త బద్ధకమంది. ఆడపడుచు గ్యాసంది. బస్టాండు కంట్రోలరు డ్యూటీ ఎగ్గొట్టే ఎత్తన్నాడు. కింద గదిలో మైకు పెట్టించండని ఆమె అడిగితే, ఒక్క మనిషి కోసం వైర్లన్నీ పీకాలా అని నవ్వాడు. వీధి చివర నర్సింగ్‌హోం డాక్టరు నిజంగానే చదువుకున్నవాడు కాబట్టి బలహీనత అన్నాడు. కవాటం సంగతి ఆమె చెప్పింది.

"చిన్నప్పుడెప్పుడో వచ్చిందిగా, ఈపాటికి పోయుంటుందిలే" అని ఐరన్ మాత్రలు రాసిచ్చాడు. ఆయన మెడలో స్టెతస్కోపు ఉంది. మెడలోనే ఉంది.

అయిదో నెల దాటాక ఒక మధ్యాహ్నం మైకులో బస్సు పేరు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. తరవాత దగ్గు. మైకు ఆపడానికి చెయ్యి రాలేదు. బస్టాండంతా ఆ దగ్గు మోగింది. ముందు కొందరు నవ్వారు, ఒకడు ఆ దగ్గును అనుకరించాడు కూడా. దగ్గు ఆగలేదు. మెల్లగా నవ్వులు ఆగిపోయి, జనమంతా తలెత్తి లౌడ్‌స్పీకర్ల వైపు చూడటం మొదలుపెట్టారు. అప్పుడే డ్యూటీ దిగిన ఒక కండక్టరు రెండేసి మెట్లెక్కి పైకి పరిగెత్తాడు. చీర కొంగు మీద గులాబిరంగు నురగ ఉంది. వెనకే వచ్చిన కంట్రోలరు ముందు మైకు ఆపి, తరవాత మనిషిని చూశాడు. పడుకోబెట్టమన్నాడు. ఆమె కండక్టరు చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ కండక్టరు ఆమెను కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే కుర్చీతో సహా కిందికి దింపించి, ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఇన్నాళ్లలో ఆమె మాట విన్నది అతనొక్కడే. అదీ ఆమె నోరు తెరవలేని స్థితిలో.

ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆక్సిజన్ పెట్టి, మందులిచ్చి, రెండు రోజులకు ఒక దారికి తెచ్చారు. అక్కడి గుండె డాక్టరమ్మ పొట్టి మనిషి, మాటలూ పొట్టివే. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, అక్కడ చిన్న బెలూన్ ఉబ్బించి బిగిసిన కవాటాన్ని తెరుస్తామని, కాన్పు దాకా ఆగడం ప్రమాదమని ఇంటివాళ్లకు చెప్పింది.

ఇక వరండాలో సభ మొదలైంది. కాన్పయ్యాక చూసుకోవచ్చు, ఇప్పుడు గుండెలో గాలి కొట్టించడమేమిటని బాబాయి. బెలూనంటే పిల్లలు ఊదుకునే బుడగే ఆయన లెక్కలో. ఆడపడుచు అసలు కడుపే తీయించేయమంది. అత్త, ఎవరు మాట్లాడుతుంటే వాళ్ల వైపు తల తిప్పి అవునంది. పెయింటరు గోళ్లలో ఇరుక్కున్న నీలం రంగును గీక్కుంటూ నిలబడ్డాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. అక్కడ అందరూ చెప్పేవాళ్లే కాబట్టి ఆ లోకువ కూడా ఎవరికీ దక్కలేదు. మనిషి తలుపుకు అవతల మంచం మీదే ఉంది. తలుపు తీసే ఉంది. సామాను ఎక్కడ సర్దాలో మాట్లాడుకుంటున్నట్టు మాట్లాడుకున్నారు.

మైకమ్మ నర్సును పిలిచి, ఆక్సిజన్ మాస్కు పక్కకు జరుపుకుని, డాక్టరమ్మను రమ్మంది. వెనకే సభ అంతా లోపలికొచ్చింది.

"వాళ్లతో కాదండీ, నాతో చెప్పండి. ఇది చేయించుకుంటే బతుకుతానా?"

"బతకడానికే ఎక్కువ అవకాశం. మాట మాత్రం ఇవ్వలేను."

"బిడ్డ?"

"పొట్ట మీద సీసం కవచం కప్పుతాం. వీలైనంత తొందరగా ముగిస్తాం. ముందు నువ్వు నిలబడితేనే బిడ్డ నిలుస్తుంది."

"కడుపు తీయించుకుంటే?"

"ఇప్పుడు అందులోనూ ప్రమాదముంది. నీకు కావాలంటే మాట్లాడదాం. అది నీ ఇష్టం, నేనేం అనుకోను."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, పెద్దవాళ్లం ఇంతమందిమి ఉండగా..."

"బాబాయి గారూ, నా సూదులు ఆపించింది మీరే. నేనూ గంగిరెద్దులా తలూపాను. అప్పుడు నా బుద్ధి గడ్డి తింది, ఇక చాలు" అంది. ఒక్కో ముక్కకూ ఊపిరి తీసుకుంటూ అంది. "బెలూన్ వేయించుకుంటాను. సంతకం నేను పెడతాను."

బాబాయి అలిగి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక గదిలో గాలి కాస్త పెరిగినట్టనిపించిందని తరవాత నర్సు చెప్పింది.

బెలూన్ వేస్తున్నంతసేపూ ఆమె మెలకువగానే ఉంది. పొట్ట మీద సీసం బరువు, లోపల బిడ్డ తన్నులు, తల పక్కన యంత్రం మోత. భయం ఎంతగా వేసిందంటే, పక్కనున్న నర్సు వేళ్లు నలిగిపోయాయి. డాక్టరమ్మ చెప్పి బెలూన్ ఉబ్బించగానే గుండె ఒక్క క్షణం గింజుకున్నట్టయింది. తరవాత ఎవరో ఆమె ఛాతీలో కిటికీ తీసినట్టు ఊపిరి లోపలికి వచ్చింది. సాయంత్రం తలకింద ఒక్క దిండుతో వెల్లకిలా పడుకుంది. నెలల తరవాత మొదటిసారి. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని తనివితీరా ఏడ్చింది.

మిగిలిన నెలలు పుట్టింట్లో, మాత్రల మీద, ఉప్పు తగ్గించిన తిండి మీద గడిచాయి. కాన్పు పెద్దాసుపత్రిలోనే జరిగింది. నడుములో మత్తు ఇచ్చారు. ఎక్కువ ముక్కనివ్వలేదు, చివర్లో పరికరంతో బిడ్డను బయటికి తీశారు. ఆడపిల్ల, అరచెయ్యి వెడల్పు వీపు. అయితే అసలు గండం ఆ తరవాత. కాన్పయ్యాక రక్తమంతా ఒక్కసారిగా గుండె మీదికి తిరిగొస్తుందని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. మర్నాడు మళ్లీ ఆయాసం వచ్చింది. అయితే ఈసారి కాచుకుని కూర్చున్నారు కాబట్టి, తెల్లముఖాలు వేసుకుని ఎవరూ పరిగెత్తలేదు. మందులు ఎక్కించారు, తగ్గింది. వారం తరవాత తల్లీబిడ్డలు ఇంటికొచ్చారు.

బాబాయి అలక మానుకుని వచ్చి, వీధి అరుగు మీద కూర్చుని, "నేనే ఆ డాక్టరమ్మతో గట్టిగా మాట్లాడాను, ఇంకేం ఆలోచించకుండా బెలూన్ వేసెయ్యండన్నాను" అని నలుగురికీ చెప్పాడు. నరం లేని నాలుక. ఆడపడుచు ఉయ్యాలలోకి వంగి, పిల్లకూ తల్లి గుండే వచ్చిందేమోనంది. జ్వరంతో వచ్చింది వారసత్వంగా రాదని చెబితే, ఎవరికి తెలుసులే అని పెదవి విరిచింది.

ఇంకో కడుపు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మైకమ్మకు పిల్లలు పుట్టకుండా ఆపరేషనంటే మళ్లీ మత్తు, మళ్లీ గండం. మగవాడు చేయించుకుంటే పావుగంట పని. ఈ మాట ఇంట్లో పడగానే అత్త గుండెలు బాదుకుంది, బరువులెత్తే మగాడు నీరసించి పోతాడని. కోడలు గుండెను నెలల తరబడి గ్యాసన్న ఇల్లు, కొడుకు విషయంలో వైద్యశాస్త్రమంతా తిరగేసింది. బాబాయి అయితే, ముందు ముందు మగపిల్లాడు కావాలనిపిస్తే ఏం చేస్తావురా అన్నాడు.

"అనిపిస్తే మీరు కనండి బాబాయ్" అన్నాడు పెయింటరు. ఎదురు మాట్లాడటం అలవాటు లేనివాడు కాబట్టి కాస్త మోటుగానే వచ్చింది. మర్నాడు వెళ్లి చేయించుకుని, ఆ వారంలోనే బస్సెక్కి రంగులేశాడు. డిపోలో వెకిలి నవ్వులు నవ్విన వాళ్లకు బదులు చెప్పలేదు. అంత ఎదుగుదలకే మనిషి అలిసిపోయి ఉంటాడు.

కొన్నాళ్లకు కంట్రోలరు నలుగురిని వెంటేసుకుని, పళ్లబుట్టతో ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చుని, తల్లి త్యాగమంటే ఇదీ అని, ప్రాణాలకు తెగించి కన్నదని, ఇలాంటి ఆడవాళ్లు ఉండబట్టే లోకం నిలబడుతోందని ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

మైకమ్మ పిల్లకు పాలిస్తూ వింది. "తెగించలేదండీ. భయపడ్డాను. అందుకే ఆస్పత్రికి వెళ్లాను. ముందే భయపడి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు" అంది. ఆయన పళ్లబుట్టను కాస్త ముందుకు జరిపి, మాట మార్చాడు.

ఇప్పుడు ఆమె ఉద్యోగంలోనే ఉంది. నెలనెలా ఇంజెక్షనుకు వెళుతుంది, పెయింటరు వెంట వెళతాడు. కవాటం ఇంకొన్నేళ్లకు మళ్లీ బిగుసుకోవచ్చు, అప్పుడు గుండె తెరిచే ఆపరేషను కావాల్సి రావచ్చు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పిల్ల వాకిట్లో కోడిపిల్లల వెంటపడి పరిగెత్తి, పడి, మోకాలు గీరుకుని ఏడుస్తుంటుంది. ఎదురింటావిడ కిటికీలోంచి ఒకటే పిల్లేంటమ్మా, తోడుండొద్దా అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. మైకమ్మ పిల్లను ఎత్తుకుని, మోకాలు కడగడానికి లోపలికి తీసుకెళుతుంది.