అవార్డు కొట్టిన పరదా గుడ్డ

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మాది పరదాల దుకాణం. సినిమాలకు దుస్తులు రూపొందించే ఒక మేడమ్, రాణి వేషానికి ఏ గుడ్డా నచ్చక మా మెట్లెక్కింది. నాన్న బంగారు రంగు పరదా గుడ్డ తీసి, తన భుజం మీదే వేసుకుని చూపించాడు. ఆ వేషానికే ఆమెకు ఆ ఏటి అవార్డు వచ్చింది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. స్టేజీ మీద ఆమె, "కాశీ నేతగాళ్లతో ప్రత్యేకంగా నేయించాను" అంది.

"నేనెప్పుడు పోయినరా కాశీకి?" అన్నాడు నాన్న. నవ్వుతూనే అన్నాడు గానీ అన్నం ముట్టలేదు.

మర్నాడే ఆ గుడ్డను దుకాణం ముందు వేలాడదీసి, 'అవార్డు కొట్టిన పరదా' అని బోర్డు పెట్టాను. వారం తిరక్కుండా ఆమె ఫోన్ చేసింది.

"అన్నా, అది తీసేయండి. ఇండస్ట్రీలో నా పరువు పోతోంది."

"తీస్త మేడమ్. వచ్చే ఏడు ఫంక్షన్‌కు ముందు వరసల రెండు పాసులియ్యుండ్రి."

"అంతేనా?"

అంతే అన్నాను. ఏం కట్టుకొస్తారని ఆమె అడగలేదు.

నిరుటి విజేతే కొత్త విజేతకు అవార్డు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఆమె స్టేజీ ఎక్కేసరికి నాన్న, నేను అదే గుడ్డతో కుట్టించిన షేర్వానీల్లో ఎదురుగా ఉన్నాం. నాన్న నవాబులా ఉన్నాడు, నేను సోఫాలా ఉన్నాను. కెమెరా మా మీదికి తిరిగింది. ఆమె మమ్మల్ని చూసి, "నిరుడు ఒకరికి థ్యాంక్స్ చెప్పడం మరిచాను" అంటూ మా దుకాణం పేరు చెప్పింది.

మొదటి మాటకే బేరం తెగనిచ్చే అలవాటు నాకు లేదు. కదలకుండా వేలితో నాన్నను చూపించాను. గుడ్డ ఎంచింది ఆయనేనని కూడా చెప్పింది.