పలకలు చూసే కెమెరా

మార్కాపురం పలకల గోడౌన్‌లో నేనూ, పెద్దారవీడు నుంచి వచ్చే ఒక అక్కా ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని పగిలిన పలకలు ఏరి పక్కన పెట్టేవాళ్లం. దసరా వెళ్లాక యజమాని పలకలు కదిలి వచ్చే బెల్టు పైన కెమెరా పెట్టించాడు. పగులంటే ఏమిటో దానికి తెలియాలని, మా చేతనే పగిలిన పలకలు దాని కింద పెట్టించారు. అక్క ప్రతి పలకనూ కొంగుతో తుడిచి పెట్టేది.

"సరిగ్గ చూపియ్యాల గదమ్మా, లేకుంటే అదెట్ల నేర్చుకుంటాది?" అనేది.

అది నేర్చుకుంది. ఇక ఒక్క మనిషి చాలన్నాడు యజమాని. కంప్యూటర్ కాస్త తెలుసని నన్ను ఉంచుకున్నాడు. అక్క అన్నం గిన్నె సంచిలో పెట్టుకుంది. నేను గేటు దాకా వెంట వెళ్లాను.

"నువ్వేం జేస్తావులే. మిరపకాయ కోతకు గుంటూరు దిక్కు పోతా," అంది.

"నీ మోకాళ్లు తట్టుకుంటాయా అక్కా?"

"తట్టుకోకుంటే ఎట్ల? కూర్చోబెట్టి పెట్టేదెవరు?"

ఈస్టర్ నాడు చర్చి దగ్గర కనిపించింది. గోడ పట్టుకుని నడుస్తోంది.

"కెమెరా బాగ పనిచేస్తాందా?" అని అడిగింది.

చేస్తోందని చెప్పాను. ఆమె తలూపింది. ఇద్దరం లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నాం. ప్రార్థనలో అందరూ మోకరించినప్పుడు ఆమె ఒక్కతే కూర్చుని ఉండిపోయింది.